దీపం కొండెక్కేదాకా

"పెట్రోలు ఏమన్నా పాలట్రా, విరిగిపోవడానికి?" అన్నారు నాన్న.

దీపావళికి తెనాలి వెళ్తే ఏటా ఏదో ఒక పని నా నెత్తిన పడుతుంది. ఈసారి కారు వంతు. ఒకప్పటి గొడ్లపాకలో పెట్టుకున్న మారుతి 800. నాన్న 1998లో కొన్నది. లెక్కల మాస్టారు కనక, ఆ రోజు నుంచి పోయించిన ప్రతి లీటరునీ ఒక నోటుబుక్కులో రాస్తూ వచ్చారు. తేదీ, లీటర్లు, రేటు, కిలోమీటర్లు, మైలేజీ. స్కేలు పెట్టి గీసిన అయిదు గళ్లు. ఆఖరి పద్దు 21-3-2020. మర్నాడు జనతా కర్ఫ్యూ అని టీవీలో విని, ఎందుకైనా మంచిదని ట్యాంకు నిండా పోయించారు. లీటరు డెబ్బై చిల్లర. ఆ తర్వాత లాక్‌డౌన్, దాని వెనకే కళ్ల ఆపరేషను, దాని వెనకే అమ్మ తీర్పు: ఇక మీరు బండి తీసేది లేదు. అలా ఐదున్నరేళ్ల పైచిలుకు కదలకుండా ఉండిపోయింది.

నేను పక్కింటి వాళ్ల బ్యాటరీ అడిగి తెచ్చాను, తాళం చేతిలో పట్టుకున్నాను, ఎందుకో అనుమానం వచ్చి మెకానిక్‌కి ఫోన్ చేశాను.

"తాళం తిప్పకండి సార్," అన్నాడు. "ఇప్పుడు చెడిందల్లా ట్యాంకులో ఉంది. తాళం తిప్పారంటే ఇంజన్ దాకా పోతుంది."

పండగ టపాసులు పూర్తిగా అయ్యాకే వస్తానన్నాడు. మూడు రోజులు ఆ కారు చుట్టూ తిరగడం తప్ప నేను చేసిందేమీ లేదు.

నాన్న ప్రశ్నకి జవాబు ఏమిటంటే, పెట్రోలు ఒకటే ద్రవం కాదు. వందల రకాల హైడ్రోకార్బన్ల కలగలుపు. వాటిలో తేలికైనవి ముందు ఎగిరిపోతాయి. బండి చల్లగా ఉన్నప్పుడు టక్కున అంటుకునేవి సరిగ్గా అవే. మన గుంటూరు జిల్లా ఎండలకి రేకుల కింద నిలబెట్టిన ట్యాంకులో అవి ఎన్నాళ్లుంటాయి? మిగిలిన బరువైన వాటికి గాలిలోని ఆక్సిజన్ తగిలి, కొన్ని ఒకదానికొకటి అతుక్కుని జిగురవుతాయి. దాని పైన ఇథనాల్ ఒకటి. 2020 నాటికి మన పెట్రోల్లో అది సగటున ఐదు శాతం, ఇప్పుడు ఇరవై. ఇథనాల్‌కి నీళ్లంటే మహా ఇష్టం. గాలిలోని తేమని లాక్కుంటుంది, ఇక చాలనుకున్నప్పుడు ఆ నీళ్లతో కలిసి పెట్రోలుని వదిలేసి అడుగుకి దిగిపోతుంది. ఇంజన్‌కి పోయే గొట్టం పీల్చేది ఆ అడుగునుంచే. కాబట్టి నాన్నగారూ, పాలు కాదు గానీ, విరగడం మాత్రం విరుగుతుంది.

నాలుగో రోజు పొద్దున్నే ఆరింటికి వచ్చాడు మెకానిక్, వెంట పదిహేడేళ్ల కుర్రాడితో. ఎండెక్కితే ఆవిరి ఎక్కువ లేస్తుందని ఆ వేళ. రాగానే బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీశాడు. నా జేబులో ఫోన్ తీసి అరుగు మీద పెట్టించాడు. షెడ్డు తలుపులు బార్లా తెరిపించాడు. వంటింట్లో స్టవ్ కట్టేయించాడు. అన్నీ అయ్యాక పెరట్లోకి చూసి ఆగిపోయాడు.

కార్తీకం కదా. తులసికోట దగ్గర అమ్మ పెట్టిన దీపం.

"అమ్మగారూ, ఆ దీపం కాస్త..." అని నోటి దాకా వచ్చిన మాట మింగేశాడు. అమ్మ చూపు అలా ఉంది. మా ఇంట్లో దీపాన్ని ఎవరూ ఆర్పరు, అసలు ఆ మాటే వాడరు. దీపం కొండెక్కుతుంది, అదీ దానంతట అది.

"ఇరవై అడుగుల దూరం ఉంది కదయ్యా," అన్నారు నాన్న.

"దూరం కాదు మాస్టారూ, పల్లం," అన్నాడు. షెడ్డు మెరక మీద ఉంది, తులసికోట దిగువన. పెట్రోలు ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పొగలా పైకి పోదు, నీళ్లలాగా నేలబారుగా పాకి పల్లం వెతుక్కుంటుంది. కంటికి కనపడదు. అంటుకుంటే మాత్రం పాకిన దారంతా వెనక్కి పరిగెత్తుకొస్తుంది. గడ్డకట్టే చలిలో కూడా అంటుకోగలిగిన సరుకది, కార్తీకపు చలి దానికో లెక్క కాదు.

"ప్రమిదలో నూనె ఎంతుందమ్మా?" అని అడిగాడు.

"అరగంట."

"అయితే కాఫీ ఇప్పించండి."

అరుగు మీద కూర్చున్నాం. స్టవ్ కట్టేసి ఉంది కనక ఫ్లాస్కులో మిగిలినదే తలా గుక్కెడు. నేను గడియారం చూస్తుంటే అతను దీపం చూస్తున్నాడు. పని చేసే చేతుల్ని మెచ్చుకున్న సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. కట్టుకుని కూర్చున్న చేతుల్ని మెచ్చుకోవడం అదే మొదటిసారి. అతను రాకపోతే నేను ఫూ అని ఊదేసేవాణ్ణి, లేదా దీపాన్ని పట్టించుకోకుండా మూత తిప్పేవాణ్ణి. అంతకు ముందే తాళం కూడా తిప్పేసి ఉండేవాణ్ణి.

ఒత్తి చివర ఎర్రగా మెరిసి, సన్నటి పొగ లేచి, పోయింది. ఇంకో ఐదు నిమిషాలు ఆగి లేచాడు.

ట్యాంకు మూత తిప్పగానే వచ్చిన వాసన పెట్రోలుది కాదు. పెట్రోలు వాసన ముక్కుపుటాల్లో గుచ్చుకుంటుంది. ఇది పాత వార్నిష్ డబ్బా తెరిచినట్టు, మందంగా, కాస్త పులుపుగా ఉంది. గొట్టం దించి, ముందు ఒక తెల్లటి సీసాలో కొద్దిగా తీసి వెలుతురుకి పట్టాడు. డికాషన్ రంగు. సీసాని కాసేపు గట్టు మీద నిలబెట్టి, అడుగు చూడమన్నాడు. పైన గోధుమరంగు ద్రవం, కింద వేలెడు మందాన మసకగా మరో పొర, మధ్య గీత గీసినట్టు స్పష్టమైన హద్దు. సీసా వంచితే కింది పొర బరువుగా, వెనకబడి కదులుతోంది. నాన్న కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. పాల సంగతి మళ్లీ ఎత్తలేదు.

గొట్టానికి మధ్యలో రబ్బరు బుడ్డి ఉంది, బీపీ చూసే మిషనుకి ఉన్నట్టు. నాలుగుసార్లు నొక్కితే ధార మొదలైంది. ఇక దానంతట అదే. ఎందుకలా వస్తుందో కుర్రాడికి నాన్న సైఫన్ పాఠం మొదలుపెట్టారు. డబ్బా ట్యాంకు కన్నా కిందుండాలి, గొట్టం కొస మునిగే ఉండాలి. రిటైరై పాతికేళ్లయినా గొంతులో సుద్దముక్క ఉంది. కుర్రాడు తలూపుతున్నాడు గానీ, వాడికి అది ముందే తెలుసని నా అనుమానం.

"నేను పని నేర్చుకునేటప్పుడు ఈ బుడ్డీ లేదు, ఏమీ లేదు," అన్నాడు మెకానిక్. "నోటితో పీల్చడమే. ఒకసారి మింగేశాను. మూడు రోజులు అన్నంలో కూడా అదే వాసన." నవ్వుతూనే చెప్పాడు. కానీ ఆ సంగతి నవ్వులాట కాదు. కడుపులోకి పోవడం కన్నా, పొరబోయి చుక్క ఊపిరితిత్తుల్లోకి జారడం ప్రమాదం. మింగినవాళ్లని వాంతి చేయించకూడదనేదీ అందుకే, పైకి వచ్చేటప్పుడు మళ్లీ ఊపిరి దారిలో పడుతుంది కనక. ఇప్పటి కార్లకి పీల్చడం ఎటూ కుదరదు. చాలా వాటికి మూతి గొట్టంలో అడ్డు ఉంటుంది, వెనక సీటు లేపి పంపు దగ్గర విప్పుకోవాల్సిందే.

డబ్బాలు ఇనుపవి, నేల మీదే పెట్టాడు. ధార డబ్బా అంచున కాకుండా లోపలి గోడకి జారేలా గొట్టం పట్టుకున్నాడు. మొత్తం ఇరవై ఒక్క లీటర్లు వచ్చింది. నాన్న నోటుబుక్కు తెరిచి, ట్యాంకు పట్టేది ముప్ఫైకి కాస్త తక్కువ అని లెక్కేసి, "ఆరేడు లీటర్లు ఏమైనట్టు?" అన్నారు. మెకానిక్ రేకుల కప్పు వైపు వేలు చూపించాడు.

మిగతా పని చప్పగా సాగింది. ట్యాంకు కిందికి దించి కడగడం, ఫిల్టరు పారేయడం, బిరుసెక్కిన రబ్బరు గొట్టాలు మార్చడం. కొత్త పెట్రోల్లో ఉన్న ఇథనాల్‌కి ఆ పాత రబ్బరు ఎటూ ఆగదట. కార్బురేటర్ మాత్రం చూడదగ్గది. గిన్నె విప్పితే అడుగున తేనెపాకం లాంటి జిగురు. అందులో వెంట్రుక దూరేంత కన్నమున్న ఇత్తడి జెట్టు. తీగ పెట్టి పొడుద్దామని కుర్రాడు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆపాడు మెకానిక్. తీగ కన్నాన్ని పెద్దది చేస్తుంది, ఇక ఆ బండి జన్మంతా పెట్రోలు ఎక్కువ తాగుతుంది. క్లీనర్లో నానేసి, గాలి కొట్టి, మళ్లీ నానేశాడు. అక్కడో పూట పోయింది.

తీసిన పెట్రోలుని ఏం చేయాలనేది ఎవరికీ తేలలేదు. ఎదురింటాయన పొలం స్ప్రేయరుకి పనికొస్తుందన్నాడు. ఆ ఇంజను జెట్టు ఇంకా చిన్నదని మెకానిక్ ఒప్పుకోలేదు. నేను కాలవ వైపు చూడను కూడా చూడలేదు. ఆ నీళ్లు ఎవరి చేలోకి పోతాయో చిన్నప్పటి నుంచి తెలుసు. చివరికి తన షెడ్డులో సామాన్లు కడుక్కోవడానికి మెకానిక్కే పట్టుకెళ్లాడు. అదీ గొప్ప దారేం కాదు. ఇంతకన్నా మంచి చోటు మా ఊళ్లో నాకు దొరకలేదు. అన్నట్టు, 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం అమ్మకానికి కాకుండా ముప్ఫై లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు, గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలో. లేదా గాజు, పింగాణీ సీసాల్లో, ఒక్కోటి లీటరు మించకుండా. ప్లాస్టిక్ ఊసు అందులో లేదు. ఇరవై ఒకటి ముప్ఫైకి లోపే అని నాన్న సంతోషించారు.

మర్నాడు అయిదు లీటర్లు కొత్తది పోశాక, ప్లగ్గులు విప్పి ఇంజన్‌ని ముందు చేత్తో తిప్పి చూసి, అప్పుడు తాళం నా చేతికిచ్చాడు. నేను నాన్నకిచ్చాను. మూడోసారికి అందుకుంది. కాసేపు దగ్గి, నీలప్పొగ వదిలి, నెమ్మదించింది. నాన్న సీట్లో కూర్చునే ఉన్నారు, గేరు జోలికి పోలేదు. అమ్మ గుమ్మంలోంచి చూస్తూనే ఉంది.

ఇంజన్ కట్టేసి నోటుబుక్కు తీశారు. కింద ఎర్ర ఇంకుతో తేదీ వేసి, లీటర్ల గడిలో ఒక మైనస్ గుర్తు పెట్టి, పక్కన 21 రాశారు. ఆ పుస్తకంలో అదే మొదటి మైనస్. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది.

"కిలోమీటర్లు సున్నా," అన్నారు. "మైలేజీ ఎంతని రాయనురా?"