పేరు పిలిచి, మొహం చూసి

మా జొన్నాడకు ఇటు మండపేట. అటు గౌతమి వంతెన దాటి, రావులపాలెం మీదుగా కిందికి వెళితే లంకల గన్నవరం. 1841లో మండపేటలో పుట్టిన డొక్కా సీతమ్మ గారు, అత్తవారి ఊరైన గన్నవరంలో 1909లో కన్నుమూసేదాకా వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకు అన్నం పెట్టారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడి భోజనానికి ఆవిడ పేరు పెట్టినప్పుడు మా ప్రాంతంలో సంతోషించని వాళ్లు లేరు. ఆ పేరుతో పాటు ఆవిడ పద్ధతి కూడా బడిలోకి రావాలని నా కోరిక. ఆవిడ పండక్కో పబ్బానికో సంతర్పణ చేసి ఊరుకోలేదు. రోజూ పెట్టారు.

పిల్లల క్షేమం గురించి బడుల్లో మనం ఎక్కువగా ప్రత్యేక దినాలు జరుపుతుంటాం. యోగా దినం, చేతులు కడుక్కునే దినం, ఎవరో పెద్దవారు వచ్చి ఉపన్యసించే దినం. అవీ మంచివే. కానీ పిల్లవాడు బడిలో గడిపేది మామూలు రోజులే. వాడి ఒంటికీ మనసుకీ నిజంగా పట్టేది ఆ మామూలు రోజుల్లో గంట గంటకూ మనం చేసే పనే.

అందులో మొదటిది హాజరు. రోజూ గది అదిరిపోయేలా ‘ప్రెజెంటండీ’ అనే పిల్లవాడు ఒకనాడు గొంతులోనే అన్నాడు. తలెత్తి చూస్తే మొహం వాడిపోయి ఉంది. దగ్గరికి పిలిచి, ‘ఏరా, ఏమైనా తిన్నావా?’ అంటే, ‘లేదండి. అమ్మ తెల్లారకుండానే అరటితోట పనికెళ్లిపోయిందండి’ అన్నాడు. వాడి పేరుకెదురుగా పట్టీలో టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతే ఆ సంగతి నాకు తెలిసేదే కాదు. ఇప్పుడు హాజరు ఫోన్లో వేస్తున్నాం. వేలూ కళ్లూ రెండూ తెర మీదే ఉంటున్నాయి. ముందు పేరు పిలిచి, మొహం చూసి, ఆ తర్వాత యాప్‌లో నమోదు చేయడం అలవాటు చేసుకున్నాను. కాస్త ఆలస్యమవుతుంది. కానీ ఆ రోజు ఎవరిని కనిపెట్టుకుని ఉండాలో మొదటి పీరియడ్లోనే తెలిసిపోతుంది.

రెండోది నీళ్లు. 2019లో కేరళలో మొదలైన నీళ్ల గంట 2024 ఎండల్లో మన బడుల్లోనూ మోగింది. గంట కొట్టగానే మగపిల్లలు సీసాలు ఎత్తి గటగటా తాగేస్తారు. ఆడపిల్లల్లో చాలామంది పెదవులు తడిపి మూత పెట్టేస్తారు. కారణం అడిగితే నేల చూపులు చూస్తారు. తాగితే మరుగుదొడ్డికి వెళ్లాలి. అక్కడ గడియ పడదు, బకెట్లో నీళ్లుండవు. మధ్యాహ్నం తలనొప్పి అని బల్ల మీద తల వాల్చే పిల్ల పొద్దుటి నుంచీ నీళ్లు తాగిందో లేదో ఓసారి కనుక్కోండి. గంట కొట్టేముందు ఒక టీచరమ్మ వెళ్లి గడియ, నీళ్లు, చెత్తబుట్ట చూసి వస్తే చాలు, ఆ గంటకు అర్థం వస్తుంది.

మూడోది భోజనం. ప్రభుత్వ బడుల్లో వండిన అన్నం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003లో మొదలైంది. అన్నం, గుడ్డు, చిక్కీ, రాగిజావ అంటూ మెనూ పెరుగుతూ వచ్చింది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వచ్చింది. ఇంత పెడుతున్నప్పుడు ఎవరు తింటున్నారో చూసే మనిషి కూడా పంక్తిలో ఉండాలి. పిల్లలతో కూర్చుని తినబట్టే, ఒక పాప గుడ్డును నోట్‌బుక్ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకోవడం కనిపించింది. అందరిలో అడగలేదు. చేతులు కడుక్కునే చోట అడిగితే, ‘తమ్ముడికండి’ అంది. ఆ చిన్నవాడి పేరు అంగన్‌వాడీలో రాయించలేదని అప్పుడు తెలిసింది. తల్లితో మాట్లాడి రాయించాం. ఇప్పుడు వాడి గుడ్డు వాడికి అక్కడే వస్తోంది, అక్క గుడ్డు అక్క తింటోంది. వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్ర సంగతీ ఇంతే. ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, మరుసటి వారం పిల్లలు దాన్ని కిటికీలోంచి పారేస్తారు. తిన్నారని చూసుకుని ఇస్తే ఆ పేచీ ఉండదు.

ఇవన్నీ చేస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుందని తోటి మాస్టార్లు అడుగుతారు. వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు, నాకూ అదే సిలబస్. కానీ ఆకలి, దాహం, ఇంట్లో గొడవ మోసుకుంటూ కూర్చున్న పిల్లవాడికి మనం చెప్పే భిన్నాలు చెవికెక్కవు. చెప్పిందే మళ్లీ చెప్పడానికి పట్టే కాలం కూడా లెక్కలో వేసుకుందాం.

మాస్టారు డాక్టరు కాదు. వారాల తరబడి నలుగురిలో కలవకుండా, తిండీ నిద్రా తప్పి, బతుకు మీద విసుగు మాటలు మాట్లాడే పిల్ల ఉంటే వెంటనే తల్లిదండ్రులను పిలవాలి, వైద్యుడికి చూపించాలి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు రాత్రింబవళ్లు ఉచితంగా మాట్లాడతారు. ఆ నంబరు ఆఫీసు బీరువాలో కాక, పిల్లలకు కనిపించే గోడ మీద ఉండాలి.

అమ్మానాన్నలకూ ఒక విన్నపం. సాయంత్రం పిల్ల ఇంటికి రాగానే మార్కులకన్నా ముందు, ‘ఇవాళ అన్నంలోకి ఏం పెట్టారు, ఎవరితో కూర్చుని తిన్నావు?’ అని అడగండి. మిగతా సంగతులు వాటంతటవే బయటికొస్తాయి.

తోటి ఉపాధ్యాయులకు ఒక్కటే చెబుతాను. లాంగ్ బెల్ అయ్యాక బైక్ తీసేముందు ఒకరికొకరం ఒక్కో పేరు చెప్పుకుందాం, రేపు ఎవరిని కాస్త చూసుకోవాలో. మర్నాడు హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు దగ్గర ఎవరో ఒకరం తప్పకుండా ఆగుతాం.