బంతి రాకముందే అయిపోయిన పని

1989-90 సీజన్‌లో రియల్ మాడ్రిడ్ తరఫున మెక్సికో ఆటగాడు హ్యూగో సాంచెజ్ స్పెయిన్ లీగ్‌లో 38 గోల్స్ కొట్టాడు. అదే లీగ్‌లో తెల్మో సర్రా 1950-51లో నెలకొల్పిన, అప్పటి ఒక్క సీజన్ గోల్స్ రికార్డుకు సరిగ్గా సమానం. చిత్రమేమిటంటే ఆ ముప్పై ఎనిమిదీ ఒక్క టచ్ గోల్సే. బంతిని ఆపింది లేదు, సర్దుకున్నది లేదు. వచ్చిన బంతిని వచ్చినట్టే వలలోకి పంపాడు. పెనాల్టీలూ ఫ్రీ కిక్‌లూ ఎలాగూ ఒక్క తన్నే కదా అని వాటిని తీసేసినా, మిగిలిన లెక్కకు నేను ఇప్పటికీ నోరెళ్లబెడతాను.

గోల్ ముందు బంతిని ఆపితే డిఫెండర్ కాలు అడ్డం పెడతాడు, కీపర్ కుదురుకుంటాడు. ఆపకుండా కొడితే ఇద్దరికీ ఆ వ్యవధి దొరకదు. చెప్పడం తేలికే. కొట్టేవాడికి మాత్రం సరిచేసుకునే రెండో అవకాశం ఉండదు. ఎక్కడ నిలబడాలి, ఒంటిని ఎటు తిప్పి ఉంచాలి, ఎడమకాలా తలా అన్నవన్నీ బంతి గాలిలో ఉండగానే తేలిపోవాలి. కుడివైపు నుంచి సహచరుడు మిచెల్ క్రాస్ వేసే వేళకు హ్యూగో లెక్క పూర్తయి ఉండేది. మనం చూసే తన్ను ఆ పనిలో చివరి ముక్క. అదే జట్టులోని బుత్రగెన్యో కాళ్లలో సొగసు ఎక్కువంటారు, కాదనను. కానీ పెనాల్టీ ఏరియాలో హ్యూగో అంత పొదుపరిని నేను చూడలేదు.

ఆ పొదుపు పండుగలా మారిన రోజూ ఒకటుంది. 1988 ఏప్రిల్ 10, రియల్ సొంత స్టేడియం బెర్నబేవులో లొగ్రోన్యేస్ జట్టుతో మ్యాచ్. ఎడమ నుంచి సహచరుడు మార్టిన్ వాస్కెజ్ క్రాస్ వేశాడు. బంతి వీపు వెనక్కి పోతుందనిపించిన క్షణంలో హ్యూగో నేల వదిలాడు. ఒళ్లు గాలిలో వెల్లకిలా పరుచుకుంది, ఎడమ పాదం తలకంటే పైకి లేచింది, బంతి వలలో పడింది. ఎద్దుల పోరులో గొప్ప ప్రదర్శనకు ఊపే తెల్ల రుమాళ్లను ఆ రోజు స్టేడియం అతనికోసం ఊపింది. అదీ ఒక్క టచ్చే.

గోల్ కొట్టాక అతను వేసే పిల్లిమొగ్గ మైదానంలో పుట్టింది కాదు. అతని సోదరి జిమ్నాస్ట్. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌కు ఆమె జిమ్నాస్టిక్స్‌లో, అతను ఫుట్‌బాల్‌లో మెక్సికో తరఫున వెళ్లారు. ఆ మొగ్గ ఆమెకు అతని నమస్కారం. మెక్సికో పిల్లలు గోల్‌తో పాటు దాన్నీ నేర్చుకున్నారు.

హ్యూగో మెక్సికో నగరంలో జాతీయ విశ్వవిద్యాలయం జట్టు పూమాస్‌కు ఆడుతూనే దంతవైద్యం చదివాడు. 1981లో అట్లెటికో మాడ్రిడ్‌కు, 1985లో రియల్‌కు. ఐదుసార్లు లీగ్‌లో అత్యధిక గోల్స్ వీరుడు, వరుసగా ఐదు లీగ్ టైటిళ్లు, స్పెయిన్‌లో మొత్తం 234 లీగ్ గోల్స్.

ప్రపంచ కప్ మాత్రం అతనికి అంతగా కలిసిరాలేదు. 1986లో సొంతగడ్డపై బెల్జియం మీద తలతో ఒక గోల్ కొట్టాడు. పరాగ్వే మీద మ్యాచ్ చివర్లో అతని పెనాల్టీని కీపర్ ఆపేశాడు. అజ్టెకా స్టేడియం నిండా అతని మనుషులే. అయినా మెక్సికో అతన్ని వదులుకోలేదు. వెల్లకిలా ఎగిరి కొట్టే ఆ తన్నుకు అతని పేరే పెట్టుకుంది. స్పానిష్‌లో అతను 'ఊగో', ఆ తన్ను 'ఊగీనా'.