ముందు చక్రం దగ్గర తేడా: మిగ్-29కె, రఫేల్-ఎం

యుద్ధవిమానాలకు నేల మీద కిలోమీటర్ల రన్‌వే ఉంటుంది. ఓడ మీద దొరికేది వంద, రెండు వందల మీటర్ల పరుగే. ఆ కొరత తీర్చడానికి రెండు దారులున్నాయి: డెక్ కొసను పైకి వంచిన స్కీజంప్, ఆవిరి బలంతో లాగి వదిలే కాటపుల్ట్. మన నౌకాదళం స్కీజంప్ కోసం మలచిన మిగ్-29కెను నడుపుతూ, కాటపుల్ట్ కోసం పుట్టిన రఫేల్-ఎంను కొంటోంది. 26 విమానాలకు 2025 ఏప్రిల్ 28న ఒప్పందం కుదిరింది.

రఫేల్-ఎం ముందు చక్రాన్ని చూస్తే చాలు, దాని పుట్టుక తెలుస్తుంది. ఫ్రెంచి నౌక షార్ల్ ద గోల్ మీద 75 మీటర్ల కాటపుల్ట్ ఆ చక్రపు కాలినే పట్టుకుని, ఒడిసెలలో రాయిలా విమానాన్ని విసురుతుంది. రెండు సెకన్లలోనే వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటిపోతుంది. ఆ లాగుడంతా ముందు కాలి గుండా వెన్నుకు పాకుతుంది కనుక కాలినీ, దాన్ని మోసే చట్రాన్నీ బలపరచాలి. పట్టాలు అయిపోయే చోట, అప్పటిదాకా అణిగి ఉన్న ఆ కాలు ఒక్కసారిగా సాగి ముక్కును పైకెత్తుతుంది. బ్రిటిష్ నౌకాదళపు ఫాంటమ్ యుద్ధవిమానంలో ఇదే పని కోసం కాలిని 40 అంగుళాలు సాగేట్టు చేశారు. ఈ బలానికి మూల్యం బరువు: నేల మీది రఫేల్ కన్నా రఫేల్-ఎం సుమారు 500 కిలోలు ఎక్కువ.

మిగ్-29కెను లాగేవాళ్లెవరూ లేరు. ఇంజన్లు పూర్తి బలంతో గర్జిస్తుండగా చక్రాలకు అడ్డం తీస్తారు, అంతే. మన విమానవాహక నౌక విక్రమాదిత్య మీద 14 డిగ్రీల వాలు ఎక్కేటప్పుడు చక్రాల కాళ్లన్నీ అణుగుతాయి. కొస దాటేసరికి విమానానికి ఎగరడానికి చాలినంత వేగం ఇంకా ఉండదు. గాల్లోకి లేచాకే అందుకుంటుంది. అందుకే ఇంధనమో ఆయుధాలో తగ్గించుకోవాలి. అయితే దాని రెక్కలు మడుచుకుంటాయి. రఫేల్-ఎం రెక్కలు మడవలేం. ఇరుకైన ఓడలో ఇది చిన్న లోపం కాదు. మిగ్‌కు అసలు గండం నమ్మకం దగ్గరే వచ్చింది. ఎప్పుడంటే అప్పుడు ఎగరగల స్థితిలో ఉన్నవి 16 నుంచి 38 శాతం లోపేనని 2016లో కాగ్ తేల్చింది.

కాటపుల్ట్ మనకు కొత్తేమీ కాదు. 1961లో చేరిన తొలి విక్రాంత్‌కు అది ఉండేది. 1971 యుద్ధంలో బాయిలర్ పగులు వల్ల నౌక వేగం తగ్గినా, దాని సీహాక్ యుద్ధవిమానాలు డిసెంబరు 4న కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడి చేశాయి. నిలువుగా దిగగల సీ హారియర్ వచ్చాక కాటపుల్ట్ తీసేసి స్కీజంప్ కట్టారు. ఆ ఒక్క విమానానికి అది సరిపోయింది. తర్వాతి నౌకలన్నీ అదే దారి పట్టడాన్ని మాత్రం నేను మెచ్చలేను. రాడార్ మోసే బరువైన నిఘా విమానం స్కీజంప్ మీంచి లేవదు. ఆ పనికి మన నౌకలు కామోవ్-31 హెలికాప్టర్ల మీదే ఆధారపడ్డాయి.

ఈ రెండు విమానాల్లో మేలైనది రఫేల్-ఎం. 2022 జనవరిలో గోవాలో స్కీజంప్ మీంచి లేచి చూపించింది కూడా. కానీ 2022 సెప్టెంబరులో చేరిన కొత్త విక్రాంత్‌కు కాటపుల్ట్ లేదు. విసురును తట్టుకోవడానికి పోసిన బలం అక్కడ వట్టి బరువుగా మిగిలిపోతుంది. రఫేల్ ఫ్యూజ్‌లేజ్‌లను హైదరాబాద్‌లో తయారు చేయడానికి దస్సో, టాటా సంస్థలు 2025 జూన్‌లో ఒప్పందం చేసుకున్నాయి. విమానం దేహం మన దగ్గరే తయారు కాబోతున్నప్పుడు, తర్వాత కట్టే విమానవాహక నౌకకైనా కాటపుల్ట్ పెట్టాలని రక్షణ శాఖను గట్టిగా అడగాలి.