నిప్పురవ్వ లేని కాపలా

చోడవరం నుంచి దక్షిణంగా సముద్రం వైపు వెళితే పూడిమడక. అక్కడి గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ తీయాలన్నది లక్ష్యం. ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. గాలిలో 4 శాతం చేరితే చాలు, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. కాబట్టి లీకు పసిగట్టే చోట కరెంటే లేకుండా ఉంటే అంతకన్నా కావలసిందేముంది?

కరెంటు లేకుండా లీకు పసిగట్టే పనిముట్టుకు ప్రాణం పల్లాడియం అనే లోహం. దీని ఉపరితలాన్ని తాకగానే హైడ్రోజన్ అణువు రెండు పరమాణువులుగా విడిపోతుంది. అవి లోహ పరమాణువుల సందుల్లోకి దూరతాయి. లోహం ఉబ్బుతుంది, దానిలోని ఎలక్ట్రాన్ల కదలిక మారుతుంది. ఆ లోహాన్ని నానో బిళ్లలుగా చేస్తే, అవి పీల్చుకునే కాంతి రంగు కూడా మారుతుంది. ఆప్టికల్ ఫైబర్ కొసన ఈ బిళ్లలు పెట్టి కాంతి పంపితే, తిరిగొచ్చిన కాంతిలో ఆ మార్పు తెలుస్తుంది. దీపమూ మీటరూ దూరంగా కంట్రోల్ రూములోనే ఉంటాయి.

ఈ బిళ్లల తయారీ చూడముచ్చటైనది. గాజుపలక మీద పలచని ప్లాస్టిక్ పొర, దాని మీద అతి సూక్ష్మమైన పాలిస్టైరీన్ పూసలు. అన్నిటికీ ఒకే రకం విద్యుదావేశం ఉండటంతో ఒకదాన్నొకటి నెట్టుకుని వాటంతటవే ఎడంగా సర్దుకుంటాయి. పైన లోహపు పూత వేసి, మామూలు టేపు అంటించి లాగేస్తారు. పూసలు టేపుతో లేచొస్తాయి, పూతలో రంధ్రాలు మిగులుతాయి. ఆక్సిజన్ ప్లాస్మా ఆ రంధ్రాల గుండా ప్లాస్టిక్‌ను తొలుస్తుంది. ఆ గుంటల్లోకి పల్లాడియాన్ని ఆవిరి చేసి దింపి, చివరికి అసిటోన్‌తో ప్లాస్టిక్‌ను కరిగిస్తే బిళ్లలు మాత్రమే నిలుస్తాయి. వెడల్పు సుమారు 200 నానోమీటర్లు, మందం పాతిక.

నాకు అన్నిటికన్నా నచ్చింది బంగారం కలపడం. స్వచ్ఛమైన పల్లాడియం ఒక పీడనం దగ్గర హైడ్రోజన్‌తో నిండి, ఇంకా తక్కువ పీడనం దగ్గర గానీ ఖాళీ కాదు. అందువల్ల ఒకే పీడనానికి రెండు రీడింగులు వచ్చే ప్రమాదం ఉంది. 25–30 శాతం బంగారం కలిపితే నిండిన దారినే ఖాళీ అవుతుంది. ఆ మిశ్రమ బిళ్లల మీద స్వీడన్‌లోని చాల్మర్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు రెండు పొరలు కప్పారు: కార్బన్ మోనాక్సైడ్‌ను అడ్డుకునే యాక్రిలిక్, హైడ్రోజన్ రాకపోకలను వేగవంతం చేసే టెఫ్లాన్. 2019లో వారి సెన్సర్ 1 మిల్లీబార్ హైడ్రోజన్‌కు, గది ఉష్ణోగ్రతలోనే, సెకను లోపు స్పందించింది.