అంబలి ఎక్కడ చెడింది?

ఏప్రిల్ వచ్చిందంటే విజయవాడలో కొబ్బరిబోండాల బండి పక్కనే అంబలి బండీ వెలుస్తుంది. వన్ టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ వైపు పొద్దున్నే పనిమీద వెళ్ళేవాళ్ళకు ఓ గ్లాసు చల్లటి రాగి అంబలి కడుపులో పడితే మధ్యాహ్నం దాకా చింత లేదు. బండి దగ్గర తాగడం సులువే. ఇంట్లో కాచుకుంటేనే ఒకరోజు అద్భుతంగా కుదిరి, మర్నాడు నోట పెట్టనివ్వదు. ఎండకి పాడైందని పారబోస్తాం. పాపం, ఎండ చేసే తప్పులు అందులో తక్కువే.

అన్నం తరవాణి చెడితే కంటికి తెలుస్తుంది. రాగి ముదురు రంగు అన్నిటినీ కప్పేస్తుంది కాబట్టి ముక్కునీ నాలుకనీ నమ్ముకోవాలి. విదేశాల్లో ఇంట్లో నల్ల బీరు కాచుకునేవాళ్ళదీ ఇదే తిప్పలు: నల్లగా వేయించిన బార్లీకి సహజంగా ఉండే చేదు, పులుపుల మాటున చెడిపోయిన పులుపు దాక్కుంటుంది. (ఇక్కడ ఇంట్లో బీరు కాస్తే 1968 నాటి ఎక్సైజ్ చట్టం ఊరుకోదు, అది వేరే సంగతి.) నిజానికి రాగీ ఆ కోవ గింజే. పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. నేపాల్లో దాన్ని పులియబెట్టి, వేడినీళ్ళు పోసి తోంగ్బా అని గొట్టంతో పీలుస్తారు. మనం మత్తు దాకా పోనివ్వకుండా పులుపు దగ్గరే ఆపుతాం.

ఆపడంలోనే ఉంది పనితనమంతా. రాత్రి రాగిపిండిని నీళ్ళలో కలిపి మూత వదులుగా పెడితే, పిండిలోనూ కుండ గోడల్లోనూ ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా పని మొదలెడుతుంది. మే నెలలో తెల్లారేసరికి సరిపోతుంది, డిసెంబరులో మర్నాటి మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే. నూకలు ఉడుకుతుండగా పులిసిన పిండి పోసి కలుపుతూ కాచి, చల్లారాక మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు వేసుకోవడమే.

పులిసిన పిండి వాసన చూడండి. పుల్లమజ్జిగలా కమ్మగా ఉంటే ఢోకా లేదు. వెనిగర్‌లా ముక్కుకి ఘాటుగా కొడితే గాలి ఎక్కువ తగిలింది, గంటలూ ఎక్కువయ్యాయి. దీన్ని బాగుచేయొచ్చు: పైన తేరిన నీళ్ళు వంచేసి మంచినీళ్ళు పోస్తే పులుపు చాలావరకు ఆ నీళ్ళతోనే పోతుంది. చెమట పట్టిన బట్టల కంపు వస్తే మాత్రం మొహమాటం వద్దు, పారబోయాలి. గరిటెతో ఎత్తితే జిగురుగా తీగ సాగినా అంతే. రెంటికీ సాధారణంగా గిన్నె శుభ్రంగా లేకపోవడమే కారణం. కుండైతే వేడినీళ్ళతో తోమి, బోర్లించి, ఎండలో గలగలా ఆరనివ్వాలి. తడి కుండలోనే మళ్ళీ పిండి కలిపితే నిన్నటి కంపు ఇవాళా తప్పదు.

పిండి దోషాన్ని పులుపు మీదికి నెట్టేయడం ఇంకో పొరపాటు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా వరి అయిపోయింది. రాగులు బయటినుంచి వచ్చే సరుకు, వేసవికి తప్ప గుర్తురాదు. కిందటేడు పొట్లం అడుగున మిగిలిన పిండి ముక్కిపోయి ఉంటుంది, దాన్ని ఎంత పులియబెట్టినా ఆ చేదు పోదు. నాలుక పట్టేసే వగరుది మరో కథ, అది రాగి పైపొర లక్షణం. మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పట్టించిన పిండిలో వగరు తగ్గుతుంది. అంబలి కూడా పలచబడి గొంతులో హాయిగా జారుతుంది. పైగా రాగిలో వంద గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నా, ఫైటిక్ ఆమ్లం దాన్ని ఒంటికి పూర్తిగా పట్టనివ్వదు. మొలకెత్తినా పులిసినా ఆ అడ్డు తగ్గుతుంది. పులియబెట్టే శ్రమ రుచి కోసమే అనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

మాడు వాసనకి మందు లేదు. అడుగంటిందని తెలియగానే గీకకుండా పైభాగాన్ని వేరే గిన్నెలోకి వంచుకుంటే కొంత దక్కుతుంది. ఆ గిన్నె స్టీలుదో మట్టిదో అయితే మంచిది. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పుల్లటి అంబలి ఉంచితే కిలుమెక్కుతుంది. అలాంటిదాన్ని రుచి కూడా చూడొద్దు.