కరెంటు ఎక్కడిదాకా వచ్చింది?

మా పల్నాడు వైపు కంప్యూటర్ ఆన్ కాకపోతే జనం పెద్దగా వివరించరు. "లేవట్లా" అంటారు, అంతే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదుట దస్తావేజులు టైపు చేసే పెద్దాయనైనా, పెళ్లి ఆల్బమ్‌లు చేసే స్టూడియో కుర్రాడైనా, పురుగుమందుల కొట్టులో బిల్లులు కొట్టే అమ్మాయైనా ఫోనులో వినిపించేది ఆ ఒక్క మాటే. నాకు మరమ్మతు దుకాణమేమీ లేదు. పాత మిషన్లు విప్పి చూడటం వ్యసనం. నరసరావుపేటలో ఆ సంగతి తెలిసినవాళ్లు ఉండాల్సినదాని కంటే ఎక్కువే ఉన్నారు. వాళ్లకు నేను వేసే మొదటి ప్రశ్న ఎప్పుడూ మారదు: "బటన్ నొక్కితే ఫ్యాను తిరుగుతోందా?"

సగం సంగతి ఆ జవాబులోనే తేలిపోతుంది. ఫ్యాను తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే కరెంటు వరకు మిషన్ దాదాపు బాగున్నట్టే. మానిటర్ కేబుల్ వదులై ఉండొచ్చు, ర్యామ్ కదిలి ఉండొచ్చు. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ బిగిస్తే లేచి కూర్చున్న మిషన్లు బోలెడు. ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి టక్కున ఆగిపోతోందంటే లోపల ఎక్కడో షార్టయి ఉండొచ్చు. మిషన్‌కు కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్ పెట్టె తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఇక అసలు ఉలుకూ పలుకూ లేనిది మూడో రకం. ఈ వారం దాని గురించే.

అలాంటి మిషన్ ముందు కూర్చోగానే స్క్రూడ్రైవర్ అందుకోవాలని చెయ్యి గుంజుతుంది. ఆగి, ముందు గోడ దగ్గరికి వెళ్లాలి. ఆ సాకెట్లో సెల్ ఛార్జర్ పెట్టి చూడాలి. ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్ బాక్సు, ఆ తర్వాత యూపీఎస్. యూపీఎస్ లోపలి బ్యాటరీ రెండు మూడేళ్లు పనిచేస్తే మన అదృష్టం. అది చచ్చిపోయాక కొన్ని యూపీఎస్‌లు గోడలో కరెంటు ఉన్నా బయటికి ఇవ్వవు. కాబట్టి దాన్ని పక్కనబెట్టి కంప్యూటర్ ప్లగ్గును నేరుగా గోడకే పెట్టాలి. మానిటర్‌దీ సీపీయూదీ పవర్ కేబుల్ చాలావరకు ఒకే రకం, అటుదిటు మార్చి చూడొచ్చు. చివరగా మిషన్ వెనక ఎస్‌ఎంపీఎస్ మీదుండే చిన్న స్విచ్చు. ఒకవైపు గీత, ఒకవైపు సున్నా ఉంటాయి. పొద్దున ఊడ్చేటప్పుడు చీపురు తగిలి అది సున్నా వైపు పడిపోతే, సాయంత్రానికల్లా "మదర్‌బోర్డు కాలిపోయింది" అనే పుకారు పుడుతుంది.

శివరాత్రికి కోటప్పకొండకు విద్యుత్ ప్రభలు కట్టే ఊళ్లు మనవి. అంతెత్తు ప్రభ మీద ఒక వరస బల్బులు ఆరిపోతే ఎలక్ట్రీషియన్ ఒక్కో బల్బూ మార్చుకుంటూ పోడు. వైరు మధ్యలో టెస్టరు పెట్టి "ఇక్కడిదాకా వచ్చిందా?" అని చూస్తాడు. వస్తే పైకి వెతుకుతాడు, రాకపోతే కిందికి. ఒక్క దెబ్బకు సగం వైరు మీద అనుమానం తీరిపోతుంది. కంప్యూటర్ దగ్గరా చేయాల్సింది అదే పని. ఏది పోయిందో ఊహించే పని పెట్టుకోకుండా, కరెంటు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుంటూ పోవాలి. నాకు ఈ పని మీద ఇంత మోజు ఎందుకంటే, ఇందులో తెలివి కంటే వరస ముఖ్యం.

పెట్టె మూత తీశాక ఆ వరస ఇంకా బాగుంటుంది. పాతకాలం ఏటీ పెట్టెల్లో ముందుండే బటన్‌కే గోడ కరెంటు తీగ వచ్చేది. నొక్కితే ఇంట్లో ఫ్యాను స్విచ్చులాగే టక్కుమనేది. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ పద్ధతి తెచ్చాక బటన్ పని మారిపోయింది. ఇప్పుడు మనం నొక్కేది మదర్‌బోర్డుకు ఒక సైగ మాత్రమే. గోడ స్విచ్చు వేయగానే, మనం ఇంకేమీ నొక్కకముందే, ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊదారంగు తీగలో 5 వోల్టులు బోర్డుకు వస్తూ ఉంటాయి. ఆ కొద్దిపాటి కరెంటుతోనే బోర్డు మెలకువగా ఉంటుంది. బటన్ నొక్కగానే బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండుకు కలుపుతుంది. అది చూసి ఎస్‌ఎంపీఎస్ పూర్తిగా మేలుకుని పసుపు తీగలో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు పంపుతుంది. అవన్నీ కుదురుకున్నాక బూడిదరంగు తీగ మీద "అంతా సరే" అని కబురు వెళ్తుంది. అప్పుడే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. ఇదంతా అయ్యేది సెకనులోపే.

ఈ వరస తెలిస్తే సాదా మల్టీమీటరే చాలు. మొదట ఊదా తీగ. అక్కడ 5 వోల్టులు లేవంటే మొదటి అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదే. ఉన్నాయంటే బటన్ సంగతి చూడాలి. బోర్డు మూలన పవర్ స్విచ్ అని రాసిన రెండు పిన్నులుంటాయి. బటన్ వైరు పీకేసి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపాలి. మిషన్ లేచిందంటే పోయింది బటనే. ఆ పక్కనుండే రీసెట్ బటన్ వైరు తెచ్చి ఇక్కడ గుచ్చితే సరి, అప్పటినుంచి రీసెట్ బటనే పవర్ బటన్. ఈ చిట్కాతో ఏళ్ల తరబడి నడుస్తున్న మిషన్లు మా ఊళ్లో ఉన్నాయి. ఖర్చు సున్నా కాబట్టి ఏ దుకాణం వాళ్లూ దీని గురించి గొప్పగా చెప్పుకోరు.

అప్పటికీ లేవకపోతే గోడ స్విచ్చు ఆపేసి, 24 పిన్నుల పెద్ద కనెక్టరును బోర్డు నుంచి పీకి, ఆకుపచ్చ తీగనూ ఒక నల్ల తీగనూ చిన్న వైరు ముక్కతో కలిపి, అప్పుడు స్విచ్చు వేయాలి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరిగితే అది బతికే ఉన్నట్టు. బతికున్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్నట్టు అనుకోవడానికి లేదు. పసుపు, ఎరుపు తీగల వోల్టేజీ కొలవాలి. నూటికి అయిదు వంతులు అటూ ఇటూ ఫర్వాలేదు. 12 ఉండాల్సిన చోట 10 ఉంటే ఫ్యాను ఎంత జోరుగా తిరిగినా లాభం లేదు. ఈమధ్య కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లలో తీగలన్నీ నల్లగానే వస్తున్నాయి. అప్పుడు రంగును నమ్ముకోకుండా పిన్నులు లెక్కపెట్టుకోవాలి.

ఎస్‌ఎంపీఎస్ బాగుంటే గోడ స్విచ్చు ఆపి, కనెక్టరును మళ్లీ బోర్డుకు బిగించి, బోర్డు మీద ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్ ఉంచి మిగతావన్నీ పీకేసి చూడాలి. లేస్తే ఒక్కొక్కటే తగిలించుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు.

ఒక్క హెచ్చరిక. ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం విప్పకండి. 230 వోల్టుల గోడ కరెంటు దాని లోపలి కెపాసిటర్లో 300 వోల్టులు దాటి నిల్వ ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా కాసేపు అలాగే ఉండొచ్చు. రేడియోలు, టీవీలు బాగుచేసి చేయి తిరిగిన పాతకాపులు మాత్రమే దాని జోలికి వెళ్లాలి. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లో ఒకరో ఇద్దరో ఇంకా ఉన్నారు. వాళ్లు రిటైరైతే మనకు పెట్టెకు పెట్టె మార్చేవాళ్లే మిగులుతారు.

ఇంతకీ మన దగ్గర ఇవి ఎందుకిలా పోతాయి? ఎండ ఒక కారణం. వేసవిలో రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ ఎండ కాసిందని పేపరు తిరగేస్తే రెంటచింతల పేరు తరచూ కనపడుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లోనూ బోర్డు మీదా స్తంభాల్లా నిలబడి ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ద్రవం ఉంటుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు ఇంచుమించు సగమవుతుందని ఆ రంగంలో ఒక మోటు లెక్క. రేకుల షెడ్డులో నడిచే జిరాక్సు కొట్టులోని మిషనూ, ఏసీ గదిలోని మిషనూ ఒకే కంపెనీవైనా ఒకే వయసులో పోవు. కెపాసిటర్ తల చదునుగా ఉండాలి, ఉబ్బితే దాని పని అయిపోయినట్టే.

దుమ్ము ఇంకో కారణం, అదీ ఊరికో రకం. పిడుగురాళ్లలో సున్నపు బట్టీల చుట్టుపక్కల మిషన్ విప్పితే లోపలంతా తెల్లగా ఉంటుంది. కాల్చిన సున్నానికి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. వానాకాలంలో బోర్డుకు అది మంచి చేయదు. మాచర్ల వైపు సిమెంటు రంగు. మిర్చి కొట్టు పక్కనుండే కంప్యూటరైతే మూత తీసినవాడు ముందు తుమ్ములు ముగించుకుని ఆ తర్వాత పని మొదలుపెట్టాలి.

వీటన్నిటికంటే పెద్ద శత్రువు తీగలోనే ఉంది. మూడు ఫేజుల లైనులో ఎక్కడైనా న్యూట్రల్ తెగితే, కొన్ని ఇళ్లకు 230 బదులు 400కు దగ్గరగా వోల్టేజీ వెళ్లొచ్చు. గాలివాన తర్వాత ఒకే వీధిలో రెండు టీవీలు, ఒక ఫ్రిజ్, ఒక కంప్యూటర్ ఒకేసారి పోయాయంటే దీన్నే అనుమానించాలి. కరెంటు పోయిన వెంటనే గోడ స్విచ్చు ఆపేసి, వచ్చాక రెండు నిమిషాలు ఆగి వేసుకోవడం మన పెద్దవాళ్లకు మోటార్ల దగ్గర అలవాటే. కంప్యూటర్ దగ్గర ఎందుకో మర్చిపోతాం.

ఆపైన ఎర్తింగ్. "క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందయ్యా" అని చాలామంది నవ్వుతూ చెబుతారు. అది నవ్వే విషయం కాదు. ఎస్‌ఎంపీఎస్ ముఖద్వారంలో ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ క్యాబినెట్‌కు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. విద్యుత్ గోలను వడకట్టి ఎర్తుకు పంపడం వాటి పని. ఎర్తు లేకపోతే పోయే దారిలేక ఆ కరెంటు క్యాబినెట్ రేకు మీదే నిలబడుతుంది. మీటరు పెడితే వంద వోల్టుల పైన చూపిస్తుంది. ప్రాణం తీసేంత కరెంటు కాకపోయినా, ప్రింటర్ కేబుల్ గుచ్చేటప్పుడు బోర్డు ప్రాణం తీయడానికి సరిపోతుంది. కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తుకు వెళ్లే లావుపాటి పిన్నే విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో పెడతారు. ప్రభ కట్టేటప్పుడు అంత జాగ్రత్తగా వైరింగ్ చేసే ఊళ్లలోనే ఈ పని జరుగుతుండటం నాకు మింగుడుపడదు.

మరమ్మతు దుకాణాల గురించి ఒక మాట. "బోర్డు పోయిందండీ" అని వెంటనే చెప్పేస్తారని వాళ్లను తిట్టుకుంటాం. తప్పు వాళ్ల ఒక్కరిదే కాదు. బోర్డు మారిస్తే డబ్బులిస్తాం. గంటసేపు కూర్చుని ఇది బటన్ లోపమని తేల్చిన మనిషికి "చూసినందుకు కూడా డబ్బులా?" అంటాం. చూడటమే అసలు విద్య అయినప్పుడు దానికి వెల కట్టకపోతే మార్చడమే వ్యాపారమవుతుంది. చూసినందుకు ఇవ్వండి, మార్చిన పాత భాగం అడిగి తెచ్చుకోండి. ఈ రెండూ పాటిస్తే చాలా దుకాణాల్లో చాలా బోర్డులు బతుకుతాయి.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఊరూరికీ కంప్యూటర్ చేరింది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడి నరసరావుపేట కేంద్రమయ్యాక ఆఫీసులూ, వాటి చుట్టూ డీటీపీ కొట్లూ పెరిగాయి. మిషన్ లేవనప్పుడు వీళ్లందరి భయమూ ఒకటే, లోపలున్న పని ఏమైపోయిందోనని. మిషన్ ఆన్ కానంత మాత్రాన హార్డ్ డిస్కులోని ఫైళ్లు పోవు. డిస్కు తీసి వేరే మిషన్‌కు తగిలిస్తే చాలావరకు అన్నీ అక్కడే ఉంటాయి. కాబట్టి కంగారులో ఎవరో ఫార్మాట్ కొడదామంటే తలూపకండి. లేవని మిషన్‌కు ఫార్మాట్ మందు కానే కాదు.

ఈ మాటలన్నీ గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఫ్యాను బిగించడానికో మోటారు చూడటానికో ఎలక్ట్రీషియన్ ఇంటికొచ్చినప్పుడు కంప్యూటర్ సాకెట్ దగ్గర మీటరు పెట్టించండి. ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 దరిదాపుల్లో ఉండాలి, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య నాలుగైదు వోల్టులు దాటకూడదు. వేసవిలో నేల ఎండితే ఎర్తు పనితనం తగ్గుతుంది, ఎర్తు గుంతలో అప్పుడప్పుడూ బిందెడు నీళ్లు పోయించండి. మీటరు తీయకుండానే "ఎర్తింగ్ ఉందిలెండి" అంటే మాత్రం ఒప్పుకోకండి.