పెండ కలిపే చేతిని అడగండి

గోబర్ గ్యాస్ మాట ఎత్తగానే అధికారులు సబ్సిడీ లెక్క చెబుతారు. పాడి రైతు దాన్ని ఎందుకు కట్టించుకుంటాడో, కొన్నేళ్లకు ఎందుకు మూలన పడేస్తాడో తెలియాలంటే మాత్రం పొద్దున్నే కొట్టంలో పెండ ఎత్తే మనిషిని అడగాలి.

ఉత్తర తెలంగాణలో రుద్రంగి, కోరుట్ల, జగిత్యాల వైపు ఎన్నో ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్నారు. బర్రెలకు గడ్డి వేసేది, పాలు పిండి కేంద్రంలో పోసేది, పెండను పెంటకుప్పకు మోసేది ఆడవాళ్లే. బర్రె రోజుకు 10–15 కిలోల పెండ వేస్తుంది. నాలుగైదు పశువులుంటే 2 ఘనమీటర్ల ప్లాంటుకు సరిపడా 50 కిలోలు ఇంట్లోనే దొరుకుతుంది. పెండ ఎంతో నీళ్లూ అంతే. తొట్టిలో గడ్డిపోచలు ఏరేసి, ఉండలు చేత్తో చిదిమి, గరిటెజారుగా కలిపి లోపలికి వదలాలి. గాలి చొరని గుంతలో సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి మీథేన్ పుట్టిస్తాయి. నలుగురైదుగురికి వంట దాని మీదే అయిపోతుంది.

జాతీయ బయోగ్యాస్ పథకం 1981–82లోనే మొదలైంది. 1984లో వచ్చిన దీనబంధు నమూనాలో గ్యాస్ పట్టే ఇనుప డ్రమ్ము ఖర్చు లేదు, ఇటుక గుమ్మటమే చాలు. అయినా గుమ్మటం బీటలిస్తే పూడ్చే మేస్త్రీ ఊళ్లో లేకపోతే, బర్రెలు అమ్మేస్తే, ఎండాకాలం నీళ్లు కరువైతే పొయ్యి ఆరిపోతుంది. సిలిండర్ ఇంటికే వస్తున్నప్పుడు ఇంత శ్రమ ఎందుకని పెండ కలిపే ఆమె అడిగితే అందులో న్యాయముంది.

నాకు తోచే జవాబు గ్యాస్ తీశాక బయటికొచ్చే పలచని పెండలో, అంటే స్లర్రీలో ఉంది. పెండను పిడక చేసి కాలిస్తే మంట దక్కుతుంది కానీ పొలానికి ఎరువు దక్కదు. గోబర్ గ్యాస్‌లో రెండూ దక్కుతాయి. నత్రజని స్లర్రీలోనే మిగులుతుంది, కలుపు గింజలు చాలావరకు చస్తాయి, ఈగలూ వాసనా తగ్గుతాయి. వరికి, పసుపుకు, పశుగ్రాసానికి అది మంచి బలం.

గుజరాత్ ఆనంద్ జిల్లా జకారియాపురాలో జాతీయ పాడి అభివృద్ధి బోర్డు (ఎన్‌డీడీబీ) ఇంటింటా గ్యాస్ ప్లాంట్లు పెట్టించి, ఆడవాళ్ల దగ్గర మిగిలిన స్లర్రీ కొనే ఏర్పాటు కూడా చేసింది. మన దగ్గర కరీంనగర్ డెయిరీ ఊరూరా పాలు సేకరిస్తోంది. ఆ దారినే స్లర్రీకీ ధర కట్టొచ్చు. ప్లాంటు ఆమె పేరనే ఇవ్వాలి, ఎక్కడ కట్టాలో ఆమెనే అడగాలి, మండలానికో మేస్త్రీని తయారు చేయాలి. రోజూ పెండ కలిపే మనిషి చేతికి నాలుగు డబ్బులు వస్తే, ఆ పొయ్యి ఆరకుండా ఆమే చూసుకుంటుంది.